వెనుక బండి

మన పల్లెలలో దారి బాగుగా లేకపోతే బండి దిగి చక్రము పట్టి తోయుదుము. వాగు పొంగితే గట్టున కూర్చుండి నీరు తీయువరకు కనిపెట్టుదుము. అంతేగాని, కష్టమైన దారి గనుక ఆ దారినే పోదమని మనలో ఎవరును బయలుదేరరు. అయితే ఈ దినములలో పట్టణములందు కొందరు, ముఖ్యముగా యౌవనస్థులు, మంచి తారురోడ్డు విడిచి రాళ్లును బురదయు వాగులును ఉన్న దారులను వెదకి, జట్లుగా జీపులు వేసికొని పోవుచున్నారు. దీనిని వారు ఆఫ్‌రోడింగ్ అందురు. పనిలేనివారి పని అని మనము తేలికగా అనవచ్చును. మేమును అట్లే అనుకొంటిమి. గత అక్టోబరు నెలాఖరున అట్టి జట్టు ఒకటి మమ్మును అతిథులుగా పిలువగా, వారితో కూడ రెండు దినములు ప్రయాణము చేసి వచ్చితిమి. వచ్చిన తరువాత ఆ మాటను వెనుకకు తీసికొంటిమి. దానికి బదులుగా ఒక ప్రశ్న మా మనస్సులో నిలిచినది. ఒకడు వినోదము కొరకు కోరి తెచ్చుకొనిన కష్టమును, మరియొకడు పుట్టినది మొదలు మోయుచున్న కష్టమును ఒకే వాగు గట్టున ఎదురుపడినప్పుడు, మొదటివాడు రెండవవానికి ఏమి ఋణపడియున్నాడు? ఈ ప్రశ్ననే నేడు మీ యెదుట పెట్టుచున్నాము.

రాజమహేంద్రవరమునుండి గోకవరము, రంపచోడవరముల మీదుగా మారేడుమిల్లి చేరితిమి. అక్కడినుండి ఘాట్ రోడ్డు చింతూరు వైపు పోవును. సూర్యోదయము చూచుటకు గుడిస కొండమీది గడ్డి మైదానమునకు జనులు జీపులలో పోవుచున్న సంగతి మీలో అనేకులు ఎరుగుదురు. మా జట్టు ఆ సందడి దారి విడిచి, అనుమతి పొందిన ఒక మట్టిబాటను పట్టి, కొండరెడ్ల పల్లెల నడుమ పోయినది. ఆరు బండ్లు, పదునెనిమిదిమంది మనుష్యులు. వారిలో మేము ముగ్గురము బండి నడుపుట రానివారము.

ఈ బండ్ల పుట్టుకను గూర్చి ఇక్కడ రెండు మాటలు చెప్పవలెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1941 మొదలు 1945 వరకు, అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ అను రెండు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను చేసినవి. బాట లేనిచోట సైనికులను, సామగ్రిని, గాయపడినవారిని మోయుటకు ఆ బండి పనికివచ్చినది. యుద్ధము ముగిసిన కొన్నియేండ్లకే మహీంద్రావారు దానిని మన దేశమున తయారుచేయ మొదలుపెట్టిరి. ముందు చక్రములకును వెనుక చక్రములకును కూడ ఇంజను బలము అందుటయే దాని విశేషము. వెనుక చక్రములు బురదలో ఊరక తిరుగుచున్నను, ముందు చక్రములు నేలను పట్టుకొని బండిని ఈడ్చును. అక్కర కొరకు పుట్టిన బండి నేడు ఆటకు వచ్చినది. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి.

జట్టు నాయకుడు సైన్యములో ఇరువదియేండ్లకు పైగా బండ్లు నడిపి వచ్చిన పెద్దమనిషి. కుర్రవారందరును ఆయనను బాబాయ్ అని పిలుతురు. తారురోడ్డు ముగిసినచోట ఆయన ఆరు బండ్లను ఆపించి, టైర్లలోని గాలిని సగమునకు దగ్గరగా తీయించెను. గాలి తగ్గిన టైరు వెడల్పుగా పరచుకొని రాతిని, బురదను గట్టిగా పట్టుకొనును. తరువాత అందరిని చుట్టు నిలువబెట్టి, మూడు నియమములు చెప్పెను.

“మొదటిది, కాలితో కొలవని నీళ్లలో చక్రం పెట్టకండి. రెండోది, వాగులో ఒకసారికి ఒక్క బండే. ముందుది గట్టెక్కేదాకా రెండోది దిగకూడదు. మూడోది బాగా గుర్తుపెట్టుకోండి. ముందు బండి ఎంత దూరం పోయిందో అని మీకు దిగులొద్దు. అద్దంలో మీ వెనక బండి కనబడుతూ ఉండాలి. కనబడకపోతే ఆగండి. మలుపు వస్తే, వెనకవాడు మిమ్మల్ని చూసేదాకా అక్కడే ఉండండి. ఎవడి వెనక బండికి వాడే పూచీ.”

ఒక కుర్రవాడు నవ్వుచు, “మరి ఆఖరు బండి వెనక ఎవరుంటారు బాబాయ్?” అని అడిగెను.

“ఎవరూ ఉండరు. అందుకే ఆఖరు బండి నేను నడుపుతాను” అని ఆయన బదులు చెప్పెను.

మేము ముగ్గురమును ఆయనతో కూడ ఆఖరు బండిలోనే ఎక్కితిమి.

ఈ మూడవ నియమమును గూర్చి దారి పొడుగున ఆలోచించితిమి. ఇందులో ఎవడును అందరిని కాయనక్కరలేదు. ప్రతివాడును తన వెనుకనున్న ఒక్కనిని చూచుకొనిన చాలును. అయినను ఆఖరు బండి ఆగితే అయిదవ బండి ఆగును. అయిదవది ఆగితే నాలుగవది ఆగును. ఆ విధముగా కొంతసేపటికి మొదటి బండియు ఆగును. కేక వేయనక్కరలేదు, ఆజ్ఞ ఇయ్యనక్కరలేదు. మెడ త్రిప్పి చూచుట ఒక్కటే ఆ గొలుసును తెగకుండ కాపాడుచున్నది. ఒకడు ముందు బండిని అందుకొనవలెనను ఆశతో వెనుకవానిని మరచిపోయిన క్షణమున, గొలుసు అక్కడ తెగును.

మొదటి వాగు వచ్చినది. ఆఖరు బండిలోని బాబాయి దిగి, అన్ని బండ్లను దాటి ముందుకు నడిచి, వెదురుకర్ర చేతబట్టి నీటిలో దిగెను. వాగు ఇరుకుగా ఒదిగి నిశ్శబ్దముగా పోవుచోటు చూచుటకు సులువుగా కనబడును గాని లోతు అక్కడనే ఉండును. వెడల్పుగా పరచుకొని గులకరాళ్ల మీద గలగల పారుచోట లోతు తక్కువ. ఆయన అడుగడుగునకు కర్ర గుచ్చి, గుంటలను, పెద్దరాళ్లను కనుగొని, ఆవలి గట్టువరకు పోయి తిరిగి వచ్చెను. నీరు మోకాలి దగ్గర ఉన్నంతవరకే బండి దింపనిచ్చెను. ఇప్పటి మహీంద్రా థార్ బండి 650 మిల్లీమీటర్ల నీటిలో నడవగలదని కంపెనీవారి లెక్క. అయితే పారు నీటికి బలము వేరు. ఒక అడుగు లోతున వేగముగా పారు నీరు చిన్న కారును తేల్చి కొట్టుకొనిపోగలదనియు, రెండు అడుగుల నీరు చాలా బండ్లను ఈడ్చుకొనిపోగలదనియు అమెరికా వాతావరణ శాఖవారు హెచ్చరించుచున్నారు.

నీటిలో దిగిన బండిని లో గేరులో, ఒకే వేగముతో, మనిషి నడకవలె పోనియ్యవలెను. అప్పుడు బండి ముందర చిన్న అల ఒకటి లేచి ముందుకు పోవుచుండును; దాని వెనుక ఇంజను దగ్గర నీరు కొంచెము తగ్గును. తొందరపడితే ఆ అల ఎగిరి ఇంజనుమీద పడును. ఇంజను గాలి పీల్చు గొట్టములో నీరు పోయినచో పని ముగిసినట్లే. గాలి నొక్కితే అణగును గాని నీరు అణగదు గనుక, లోపలి రాడ్డులు వంగిపోవును. నడివాగులో గేరు మార్చరాదు. గట్టెక్కిన తరువాత బ్రేకును మెల్లగా నొక్కి తడి ఆర్చవలెను. ఇవన్నియు ఆ కుర్రవారు శ్రద్ధగా చేసిరి. వారిలో ఓర్పును, ఒకరి మాట ఒకరు వినుటను, జారిన బండికి మోకు కట్టి లాగుటకు అందరును బురదలో దిగుటను చూచితిమి. ఇది పనిలేనివారి పని అన్న మా మాట అక్కడనే వీగిపోయెను.

బాబాయి ప్రతి వాగులోను మొదట దిగి, చివరకు గట్టెక్కుట చూచి, యెహోషువ కాలమున యొర్దాను దాటిన సంగతి మాకు జ్ఞాపకమునకు వచ్చెను. మందసము మోయు యాజకులు జనులకంటె ముందుగా నీట అడుగుపెట్టి, జనులందరును దాటువరకు నది నడుమ నిలిచి, తుదకు తాము బయటికి వచ్చిరి. ముందు నడుచుటయే పెద్దరికమని మనము అనుకొందుము. ఆఖరివాడు గట్టెక్కువరకు కాళ్లు తడిలో ఉంచుకొని నిలుచుట దానిలో రెండవ సగము.

మూడవ వాగు ఒక చిన్న పల్లె అంచున పారుచున్నది. పది పదునైదు ఇండ్లు. వాగుకు ఆవలి గట్టున ఉన్నవి. అక్కడ నీరు తేటగా, వెడల్పుగా, ఎండలో మెరయుచు ఉండెను. కుర్రవారు ఒకసారి దాటి తృప్తి చెందక, ఫోటోల కొరకు మరల మరల ఇటు అటు దాటిరి. నీరు బండికి రెండు ప్రక్కల రెక్కలవలె లేచినప్పుడు అందరును కేకలు వేసిరి. మేమును చప్పట్లు కొట్టితిమి. ఈ సంగతి దాచుట న్యాయము కాదు గనుక చెప్పుచున్నాము.

తుదకు మా ఆఖరు బండియు ఆవలి గట్టెక్కెను. నియమము అలవాటైన బాబాయి అద్దములో వెనుకకు చూచెను. చూచి, బండి ఆపి దిగెను. మేమును దిగితిమి. మాకు వెనుకగా, దిగువ ప్రక్క, పల్లెనుండి కాలిబాట నీటికి దిగుచోట, ఒక ముసలమ్మ ఖాళీ బిందె నడుమున పెట్టుకొని నిలిచియుండెను. ఆమె చీరకొంగు పట్టుకొని ఒక చిన్నపిల్ల ఉండెను. వారి కాళ్లయెదుట వాగు టీ నీళ్ల రంగున పారుచుండెను.

“ఏం పెద్దమ్మా, ఏమన్నా కావాలా?” అని బాబాయి అడిగెను.

“ఏమొద్దు బాబూ. నీళ్లు తేరుకోవాలి గదా, చూస్తన్నాను.”

“ఎంతసేపటినుంచి నిలబడ్డావు?”

“మీరు మొదట దిగినప్పటినుంచీ.”

పల్లెలో బోరు ఉన్నదట. అది చెడి మూడు నెలలైనదట. అప్పటినుండి త్రాగుటకు, వంటకు ఆ వాగే. ఆమె మాటలో కోపము లేదు. వాన వచ్చినప్పుడు ఎట్లు కనిపెట్టుదురో అట్లే కనిపెట్టుచుండెను. కుర్రవారు పరుగెత్తి పోయి తమ నీళ్ల సీసాలు తెచ్చి ఇచ్చిరి. ఆమె వద్దనలేదు, మురిసిపోనూ లేదు. రెండు సీసాలు పిల్లచేతికి ఇచ్చి, ఇట్లడిగెను:

“రేపు కూడా ఇటే వస్తారా బాబూ? వస్తే పొద్దు పొడవకముందే ముంచుకుంటాను.”

ఆ ప్రశ్నకు ఎవరును బదులు చెప్పలేకపోయిరి. ఆమె నిందించినయెడల మేమేదో సమాధానము చెప్పుకొని యుందుము. ఆమె నిందింపలేదు, తన పనిని మా ఆటకు తగినట్లు సర్దుకొనుటకు వేళ అడిగినది. ఆఖరు బండి వెనుక ఎవరుందురని ఉదయమున కుర్రవాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ గట్టున నిలిచియుండెను.

ఆ మధ్యాహ్నము కొండమీద భోజనము చేసి, నాలుగు గంటలకు తిరుగుదారి పట్టితిమి. మేమున్నచోట చినుకైనను పడలేదు గాని, ఎగువ కొండలమీద నల్లగా వాన కురియుట దూరమునుండి చూచితిమి. అదే వాగు దగ్గరకు వచ్చునప్పటికి నీరు ఎఱ్ఱగా, పుల్లలను ఆకులను కొట్టుకొని వచ్చుచుండెను. ఉదయము ఎక్కువగా కేకలు వేసిన కుర్రవానికి మరునాడు ఉద్యోగమునకు పోవలసియుండెను. “వించి ఉంది, మోకు ఉంది. దాటేద్దాం బాబాయ్” అనెను. బాబాయి మాటలాడక, ఒక పుల్లను నీటి అంచున గుచ్చి ప్రక్కన కూర్చుండెను. పది నిమిషములలో పుల్ల మునిగిపోయెను. “పుల్ల మునిగింది. ఇంక మాట లేదు” అని ఆయన లేచెను. ఆ రాత్రి ఆ పల్లె బడి వసారాలో గడపితిమి.

చీకటి పడిన తరువాత పల్లెవారు కుండతో చోడి అంబలియు, ఉడికించిన దుంపలును తెచ్చిరి. పదునెనిమిదిమందికి చాలునంత తెచ్చిరి. ఆ అంబలి కాచిన నీరు ఏ నీరో మాకు తెలియును గనుక, మొదటి గుటక మ్రింగుట కష్టమైనది. ఒక పెద్దాయన మాతో కూర్చుండి మాటలాడెను. రోగము వచ్చినవారిని ఎట్లు తీసికొనిపోవుదురని మేము అడిగితిమి. పొడవైన కర్రకు దుప్పటిని ఊయలవలె కట్టి, రోగిని అందులో పరుండబెట్టి, ముందు ఇద్దరు వెనుక ఇద్దరు భుజాన వేసికొని, ఆటో వచ్చు రోడ్డువరకు నడుతురట. దానినే డోలీ అందురు.

“పోయిన వానల్లో మా తమ్ముడి కోడలికి నొప్పులొచ్చినాయి. ఈ గట్టుమీదే డోలీ దింపుకుని రెండు ఝాములు నిలబడ్డాం. నీళ్లు తీసినాక దాటించాం.”

“తరువాత ఏమైంది పెద్దయ్యా?”

“తల్లి దక్కింది” అని ఆయన ఊరకుండెను. మేము మరేమియు అడుగలేదు.

మాకు ఆ రాత్రి ఒక కథ. ఇంటికి వచ్చి పదిమందికి చెప్పుకొనదగిన కథ. వారికి అది ప్రతి వర్షాకాలము. వాగు ఒక్కటే, లోతు ఒక్కటే. మేము వెదకికొని వచ్చిన కష్టమునకు మేము కోరినప్పుడు విడుదల కలదు. వారి కష్టమునకు అట్టి వాకిలి లేదు.

ఆ కొండలలో బాట అను మాటకు పాత గాయము ఒకటి కలదు. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టము గిరిజనుల పోడు సేద్యమును, అడవిలో రాకపోకలను అడ్డగించెను. తరువాత గూడెము ప్రాంతమున బాట వేయుటకు వారిచేత చాలీచాలని కూలికి బలవంతముగా పనిచేయించిరి. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన రంప పితూరీకి అదియు ఒక కారణము. ఆ దినములలో బాట వారి చేతులతో వేయబడెను గాని వారి కొరకు కాదు. స్వతంత్ర భారతమున ఈ తప్పు దిద్దుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. ప్రతి పల్లెకు రోడ్డు వేయవలెనను ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైనది. మొదట పెట్టుకొనిన నియమము ప్రకారము, మైదానములలో 500మంది, కొండ గిరిజన ప్రాంతములలో 250మంది ఉన్న పల్లెలకు రోడ్డు రావలెను. 2023 నవంబరు 15న మొదలైన పి.ఎం. జన్‌మన్ పథకము కొండరెడ్లవంటి మిక్కిలి వెనుకబడిన గిరిజనుల కొరకు ఆ సంఖ్యను 100కు దించినది. మేము పరుండిన పల్లెలో నూరుమంది లేరు.

లెక్క వేసినవారిని మేము నిందించుట లేదు. డబ్బు కొలతగా ఉన్నప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఆ గీత 500 నుండి 250కి, 250 నుండి 100కి దిగుట మంచిదే. గాని గీతకు క్రింద మిగిలినవారు ప్రతిసారియు ఆఖరు బండివారే. నూరు గొర్రెలలో ఒకటి తక్కువైనప్పుడు కాపరి తొంబదితొమ్మిదిని విడిచి దానిని వెదకిన కథ మనమెరుగుదుము. ఆ కాపరికి నూరు అను సంఖ్య, ఒకటి లోటు పడినదని తెలిసికొనుటకు పనికివచ్చెను. మన చేతులలో అదే సంఖ్య, ఒకరిని విడిచిపెట్టుటకు సాకుగా మారవచ్చును.

అయితే ఒక అభ్యంతరము కలదు. అది న్యాయమైనదే గనుక దాటిపోరాదు. ఆ రాత్రి కుర్రవారిలో ఒకడు ఇట్లనెను: “మేము ఏడాదంతా పనిచేసి రెండు రోజులు సంతోషంగా గడపడానికి వచ్చాం. ఎక్కడికి పోయినా ఏదో ఒక కష్టం ఉంటుంది. లోకంలో ఉన్న కష్టమంతా తలకెత్తుకుంటే ఎవడైనా నవ్వగలడా?”

ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. సంతోషించుట పాపము కాదు. యౌవనుడు తన బలమును కష్టముమీద పరీక్షించుకొనుటయు తప్పు కాదు. మెత్తని దారిలో నేర్వలేని ఓర్పు గతుకుల దారిలో నేర్చుకొనుచున్నాడు. లోకములోని కష్టమంతయు ఒక్కని భుజముమీద పెట్టుట న్యాయము కాదు, సాధ్యమును కాదు. అట్లు పెట్టబోయినచో వాడు రెండు దినములు దుఃఖించి, మూడవ దినమున మొత్తముగా మరచిపోవును.

గాని ఆ అభ్యంతరమునకు జవాబు ఆ జట్టు నియమములోనే ఉన్నదని మాకు తోచెను. ఆరు బండ్లను చూడుమని బాబాయి ఎవనికిని చెప్పలేదు. నీ వెనుక ఒక్కదానిని చూడుము అనెను. నీ చక్రములు కలచిన నీటికి దిగువ ఎవరున్నారు? నీవు దాటిన చోట నీ తరువాత దాటవలసినవారు ఎవరు? ఋణము అక్కడ మొదలగును. లోకమును మోయుట మనవల్ల కాదను మాట నిజమే. గాని ఆ నిజమును అడ్డము పెట్టుకొని, అద్దములో కనబడుచున్న ఒక్క మనిషిని చూడకుండుట నిజము కాదు.

సమూయేలు మొదటి గ్రంథము 30వ అధ్యాయములో బెసోరు వాగు కథ కలదు. దావీదు ఆరువందలమందితో అమాలేకీయులను తరుముకొని పోవుచుండగా, ఆ వాగు దగ్గర ఇన్నూరుమంది అలసి దాటలేకపోయిరి. నాలుగువందలమంది దాటి జయించి తిరిగివచ్చిరి. దాటలేనివారికి భాగమియ్యరాదని కొందరు పట్టుపట్టిరి. దావీదు ఒప్పుకొనక, యుద్ధమునకు పోయినవానికెంతో సామాను కాచినవానికిని అంతే అని తీర్పు చెప్పి, దానిని ఇశ్రాయేలునకు కట్టడగా నిర్ణయించెను. కష్టపడినవాడే పొందవలెనని వాదించినవారి వాదము పైకి న్యాయముగానే కనబడును. గాని వాగు దాటగలుగుట తమకు కలిగిన బలమే గాని, దాటలేనివారి తప్పు కాదని వారు మరచిరి. మనకు కలిగిన బలము మరియొకరికి లేకపోయినప్పుడు ఆ బలము దేనికొరకు ఇయ్యబడినదని అడుగుటయే బెసోరు వాగు నేర్పు పాఠము.

తెల్లవారునప్పటికి వాగు తీసినది. బండ్లు స్టార్టు చేయకముందు బాబాయి ఆ పెద్దాయనను పిలిచి, “మీ నీళ్ల రేవుకి దిగువన దాటడానికి చోటుందా పెద్దయ్యా?” అని అడిగెను. ముందుదినము అడుగవలసిన మాట అది. పెద్దాయన రెండువందల గజములు దిగువకు తీసికొనిపోయి, గులకరాళ్ల మీద నీరు పలుచగా పారు వెడల్పు చోటు చూపించెను. మేము దాటినచోటికంటె లోతు తక్కువ, మేలైన దారి. అయితే గట్టు నిటారుగా ఉండెను. కుర్రవారు పారలు తీసి గట్టు వాలు చేసి, రాళ్లు మోసి పరచిరి. రెండు గంటలు పట్టెను. నేడు ఉద్యోగమునకు పోవలసినవాడే అందరికంటె పెద్ద రాళ్లు మోసెను. ఆ దారి డోలీకి కూడ కొంచెము సులువగునని పల్లెవారు చెప్పిరి. వాన మరల కొట్టుకొనిపోవచ్చును. అది రోడ్డు కాదు.

బోరును కూడ విప్పి చూచిరి. లోపలి గొట్టములు తుప్పుపట్టి విరిగియుండెను. అది వారివల్ల అగు పని కాదు. పల్లెవారి చేత సంతకములు, వేలిముద్రలు పెట్టించి ఒక అర్జీ వ్రాసికొని, సంబంధించిన కార్యాలయములో ఇచ్చిరి. ఈ వ్యాసము వ్రాయునాటికి జవాబు రాలేదు. ఆ అర్జీని గూర్చి అడుగుటకు ఒక కుర్రవాడు ఇప్పటికి రెండుసార్లు అక్కడికి పోయి వచ్చెను. ఫోటోలు తీయించుకొన్నవాడే. దీనిని మేము గొప్పగా చెప్పుట లేదు. అద్దములో చూచి ఆగినవాడు చేయవలసిన పని ఇంతవరకైనను ఉన్నదని చెప్పుచున్నాము.

ప్రియ చదువరులారా, మనకు జీపులు లేవు. మనము ఏ కొండ ఎక్కబోవుట లేదు. అయినను మన వెనుక బండి మనకును కలదు. కాలువకు ఎగువ పొలము ఉన్నవాడు తూము ఎత్తునప్పుడు దిగువవాని మడి అతని వెనుక బండి. ట్రాక్టరు గట్టుమీదుగా తోలువానికి, ఆ గట్టుమీద తల మీద మోపుతో నడచి వచ్చు కూలి మనిషి వెనుక బండి. చదివి పైకి వచ్చినవానికి, ఫీజు కట్టలేక బడి మానిన అదే వీధి పిల్లవాడు వెనుక బండి. సంఘ కూటమునకు రెండు నెలలుగా రాని విధవరాలు, ముందు వరుసలో కూర్చుండువారికి వెనుక బండి. అందరిని చూడుమని ఎవరును మనలను అడుగుట లేదు. మనము కలచిన నీరు ఎవరి బిందెలో పడుచున్నదో ఒకసారి మెడ త్రిప్పి చూడుమనియే అడుగుచున్నారు.

ఆ ఉదయమున జరిగిన ఇంకొక్క సంగతి చెప్పి ముగించెదము. కొత్త రేవు సిద్ధమైన తరువాత ఆరు బండ్లు వరుసగా నిలిచినవి. మొదటి బండి దిగబోవుచుండగా, ఎగువన కాలిబాట మీద ముసలమ్మ బిందెతో వచ్చుట కనబడెను. మేము ఆమెకు దిగువనే ఉన్నాము. మేము దాటినను ఆమె నీటికి మురికి అంటదు. అయినను బాబాయి చెయ్యి ఎత్తెను. ఆరు ఇంజనులు ఆగిపోయెను. ఆమె మెల్లగా దిగి, అరచేతితో నీటిపై ఆకులను ప్రక్కకు త్రోసి, బిందె ముంచి, నిండిన తరువాత నడుమున ఎత్తుకొని గట్టెక్కెను. ఎక్కి, మావైపు తిరిగి, పోవచ్చునన్నట్లు చేయి ఊపెను.

అప్పుడు మొదటి బండి నీటిలో దిగెను.